న్యూయార్క్ సబ్‌వేలో ఆ కంపు ఎక్కడి నుంచి వస్తుంది?

మాస్టారూ, పర్లాకిమిడి నుంచి మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. వేసవిలో అబ్బాయి దగ్గరికి న్యూయార్క్ వెళ్తే సబ్‌వే (నేల కింద నడిచే రైలు) స్టేషన్లలో ఉచ్చ కంపు, కుళ్లు కంపు భరించలేకపోయాం, అంత డబ్బున్న ఊళ్లో ఇదేం ఖర్మ అన్నది మొదటిది. డిసెంబర్లో మళ్లీ వెళ్తున్నాం, మా ఆవిడకి ఆయాసం ఉంది, ఏం జాగ్రత్త తీసుకోవాలి అన్నది రెండోది. ఇంతకు ముందు జవాబిచ్చినవాళ్లందరూ "అక్కడి జనానికి శుభ్రత తెలీదు" అని తేల్చేశారు. నాకు అది సగం కూడా నిజం కాదనిపిస్తుంది.

న్యూయార్క్ నేను చూడలేదు. కానీ బరంపురం నుంచి వెళ్లి, ఒక పెద్ద నగరంలో భూగర్భ మెట్రో స్టేషన్లకి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా కాంట్రాక్టర్ కింద కొన్నేళ్లు పనిచేశాను. ఊరి పేరు చెప్పను, మన గంజాం కుర్రాళ్లు ఇంకా అక్కడ డ్యూటీలో ఉన్నారు. నేల కింద కట్టిన స్టేషన్ ఏ దేశంలో ఉన్నా కంపు ఎక్కువగా మూడు చోట్ల నుంచి వస్తుంది: ఊరే నీళ్లు, ఎండిపోయిన మురుగు గొట్టాలు, బయటికి పోని గాలి. పైన నేల ఎంత తుడిచినా వీటికి ఏమీ కాదు.

ముందు నీళ్ల సంగతి. నేలని తవ్వి కట్టిన దేంట్లోకైనా భూగర్భ జలం ఊరుతూనే ఉంటుంది. న్యూయార్క్ సబ్‌వే 1904లో మొదలైంది. వాన చినుకు పడని రోజున కూడా అక్కడ సుమారు 5 కోట్ల లీటర్ల నీళ్లు పంపులతో తోడి బయట పోస్తారు. ఆ నీళ్లు ఊరికే పోవు. పట్టాల మధ్య కాలవలో పడి, చెత్తనీ గ్రీజునీ ఎలక రెట్టనీ కలుపుకుని సంప్‌లోకి, అంటే నీళ్లు తోడే గుంతలోకి చేరతాయి. కాలవకి ఎక్కడైనా కాగితం కప్పు అడ్డం పడిందా, అక్కడ నీళ్లు నిలిచి అడుగున నల్లటి బురద పేరుకుంటుంది. గాలి తగలని ఆ బురదలో ఒక రకం బ్యాక్టీరియా నీటిలోని సల్ఫేటుని తిని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన అంటే అదే. పారిస్‌లో 1998లో తెరిచిన 14వ లైను మీద మాడ్లేన్ అనే స్టేషన్ ఉంది. కొత్తగా, అద్దంలా కట్టిన స్టేషనే, అయినా ఈ గుడ్డు కంపుకి పేరు మోసింది. పాతబడ్డం వల్లే కంపు అనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకోవాలి.

ఈ గ్యాస్ గురించి ఇంకో మాట, ప్రశ్నకి సంబంధం లేకపోయినా చెప్పాలి. కొంచెం ఉంటేనే మన ముక్కు పసిగడుతుంది. బాగా ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలీదు. సంప్‌లోకో మ్యాన్‌హోల్‌లోకో దిగినవాళ్లు "ఇప్పుడు వాసన లేదు" అనుకుని ప్రాణాలు పోగొట్టుకునేది అందుకే. మన దేశంలో 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని మురుగు గుంతలోకి దింపడం నేరం. మా కాంట్రాక్టర్ ఒకసారి "రెండు నిమిషాల పనే కదా" అన్నాడు. మా కుర్రాళ్లు మేం దిగం అన్నారు, నేనూ దింపలేదు. ఆ నెల నా జీతం ఆలస్యమైంది, ఫరవాలేదు.

ఇక ఉచ్చ కంపు. అప్పుడే పోసిన మూత్రానికి పెద్ద వాసన ఉండదు. కాసేపటికి బ్యాక్టీరియా అందులోని యూరియాని అమోనియాగా మారుస్తుంది, అప్పుడు మొదలవుతుంది ముక్కు మండే కంపు. టైల్స్ మధ్య సందుల్లోకి, కాంక్రీటు రంధ్రాల్లోకి ఇంకిపోయిన ఉప్పు ఎండిపోయి అక్కడే ఉంటుంది. గాలిలో తేమ పెరిగిన రోజున మళ్లీ లేస్తుంది. పొద్దున్నే కడిగిన మూల సాయంత్రానికి మళ్లీ కంపు కొట్టేది ఇందుకే, ఎవరో మళ్లీ పోసి ఉండక్కర్లేదు. చాలామంది ఇలాంటి చోట బ్లీచింగ్ కుమ్మరిస్తారు. అమోనియా మీద బ్లీచింగ్ పడితే క్లోరమైన్ అనే గ్యాస్ పుట్టి కళ్లు మండి, దగ్గు పట్టుకుంటుంది. కంపు పోదు, తుడిచేవాడికి జబ్బు వస్తుంది. ముందు నీళ్లతో బాగా కడగాలి, తర్వాత ఎంజైమ్ ఉన్న మందు పోసి తడిగా కాసేపు వదిలేయాలి. దానికి ఖర్చూ టైమూ కావాలి కాబట్టి టెండర్లో చౌక ఫినాయిలే గెలుస్తుంది.

లిఫ్టుల్లో మరీ ఘోరం. పెట్టె నేల ఎంత తుడిచినా కంపు పోకపోతే అది కింద గుంతలో ఉందని అర్థం. పెట్టె అంచుల సందులోంచి జారిన తడి అంతా ఆ గుంతలోకి చేరుతుంది. లిఫ్ట్ కంపెనీ మనిషి వచ్చి లిఫ్ట్ ఆపితే తప్ప హౌస్‌కీపింగ్ వాళ్లకి అక్కడికి దారి లేదు. ఎస్కలేటర్ కింద కూడా అంతే, ఒలికిన టీలూ కూల్‌డ్రింకులూ గ్రీజుతో కలిసి పులుస్తాయి. ఎవరి పరిధి ఎవరిదో తేలేలోపు నెలలు గడుస్తాయి.

న్యూయార్క్‌కి వస్తే, 472 స్టేషన్లలో టాయిలెట్ ఉన్నవి కొన్ని పదులే. కరోనాకి 2020లో వాటినీ మూసేసి, 2023 నుంచి మెల్లమెల్లగా తెరిచారు. ఇల్లు లేనివాళ్లు చలికి, వానకి తలదాచుకునేది ఆ స్టేషన్లలోనే. టాయిలెట్ పెట్టకుండా మనిషి మీద కోపగించుకుంటే ఏం లాభం? మన ఊళ్లో బస్టాండు గోడ మీద దేవుడి బొమ్మల టైల్స్ అంటించి పని అయిపోయిందనుకోవడం లాంటిదే ఇది కూడా.

ఎండిపోయిన మురుగు గొట్టాల సంగతి చాలామందికి తెలియనిది. మా స్టేషన్లో ఒక టాయిలెట్ వైపు నుంచి మురుగు కంపు ఆగకుండా వచ్చేది. వాడితే గదా కంపు రావడానికి, దానికి తాళం వేసి చాలా రోజులైంది. పైనుంచి తిట్లు పడితే కాంట్రాక్టర్ మల్లె వాసన ఫినాయిల్ డబ్బాలు కొన్నాడు. రెండూ కలిసి ఇంకా తల తిప్పేది. చివరికి మా దగ్గర పనిచేసే ప్లంబర్, కేంద్రాపడా జిల్లా పట్టాముండై వైపు అతను (దేశమంతా ప్లంబర్లు ఆ వైపు వాళ్లే అని మీకు తెలిసే ఉంటుంది), నేల మీద నీళ్లు పోయే చోట ఉండే జాలీ తీసి చూసి నవ్వాడు. జాలీ కింద నహానీ ట్రాప్‌లో, అంటే గొట్టం వంపులో, ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉండాలి. ఆ నీళ్లే మూతలా మురుగు గ్యాస్‌ని పైకి రాకుండా ఆపుతాయి. వాడకం లేక నీళ్లు ఆవిరైపోయాయి, దారి తెరుచుకుంది. అతను ఒక బకెట్ నీళ్లు పోశాడు, మర్నాటికి కంపు లేదు. అప్పటి నుంచి వాడని జాలీలన్నిట్లో వారానికోసారి నీళ్లు పోయడం డ్యూటీ చార్టులో రాసేశాం. మీరు కూడా పర్లాకిమిడి ఇల్లు నెలల తరబడి తాళం పెట్టి వెళ్తారు కాబట్టి, తిరిగొచ్చాక బాత్రూం కంపు కొడితే ముందు చేయాల్సిన పని ఇదే.

సెంటు కొట్టి దాచే పని పెద్ద దేశాలూ చేశాయి. పారిస్ మెట్రో వాళ్లు 1998లో మాడ్లేన్ పేరుతోనే ఒక సువాసన తయారు చేయించి స్టేషన్లలో వాడారు. లండన్‌లో 2001లో అదే సెంటుని మూడు స్టేషన్లలో వాడి చూశారు. కడుపులో తిప్పుతోందని ప్రయాణికులు గోల పెడితే రెండో రోజే ఆపేశారు. మా గంజాంలో మొగలిపువ్వు అత్తరు బట్టీలున్న ఊళ్ల వాళ్లని అడగండి, దేశంలో మొగలి అత్తరు ఎక్కువగా తీసేది ఇక్కడే. ఎంత మంచి అత్తరైనా మురుగు పక్కన పెడితే మురుగే గెలుస్తుందని నవ్వుతూ చెప్తారు.

గాలి సంగతి క్లుప్తంగా. టన్నెల్లో రైలు వస్తుంటే ముందున్న గాలినంతా తోసుకొస్తుంది, స్టేషన్లోకి రైలు కంటే ముందు ఆ గాలే వస్తుంది. టన్నెల్లో ఎక్కడో ఉన్న కంపు మీ ముక్కుకి చేరేది అలాగే. పైగా రైళ్ల ఏసీలు వదిలే వేడి, బ్రేకుల వేడి అంతా ప్లాట్‌ఫాం మీదే. వేడికి వాసన ఎక్కువ లేస్తుంది. మీరు వేసవిలో వెళ్లారు, అందుకే అంత దెబ్బ తగిలింది.

శుభ్రం చేయడానికి టైము కూడా చూడాలి. మాకు చివరి బండికి, మొదటి బండికి మధ్య కొన్ని గంటలు దొరికేవి, కరెంటు ఆపి పట్టాల మీదకి దిగేవాళ్లం. న్యూయార్క్‌లో రైళ్లు 24 గంటలూ నడుస్తాయి. 2020 మే నుంచి 2021 మే వరకు మాత్రం కరోనా శుభ్రత కోసం రాత్రిళ్లు ఆపారు. మిగతా కాలమంతా రైళ్లు తిరుగుతుండగానే చేయాలి. 2011లో కొన్ని స్టేషన్లలో చెత్తడబ్బాలు ఎత్తేసి చూశారు, డబ్బా లేకపోతే చెత్త ఇంటికి తీసుకెళ్తారని. కొన్నేళ్లకి ఆ ప్రయోగం మానేశారు. ఆ ఆలోచన ఆఫీసులో కూర్చున్నవాళ్లదే అయ్యుంటుంది, చీపురు పట్టినవాళ్లది కాదు.

ఇప్పుడు మీ ఆవిడగారి విషయం. ప్లాట్‌ఫాం మీద దూరం నుంచి వచ్చే కంపు చికాకు పెడుతుంది గానీ, ఆయాసం ఉన్నవాళ్లు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది వాసన లేని ధూళి విషయంలో. చక్రాలూ పట్టాలూ బ్రేకులూ అరిగి లేచే సన్నటి ఇనుప ధూళి భూగర్భ స్టేషన్ గాలిలో రోడ్డు మీద కంటే ఎక్కువ ఉంటుంది. ఎన్95 మాస్క్ పెట్టించండి. ఇన్‌హేలర్ సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో ఉండాలి. వెళ్లే ముందు డాక్టర్‌కి చూపించండి. రైలు ఎప్పుడొస్తుందో ఫోన్‌లో తెలుస్తుంది కాబట్టి టికెట్ గేట్ల దగ్గరే ఆగి, టైముకి కిందకి దిగితే చాలు, ప్లాట్‌ఫాం మీద నిలబడే పని తగ్గుతుంది. దగ్గర దూరాలకి సిటీ బస్సు మేలు. డిసెంబర్ చలికి కంపు మీరు చూసినంత ఉండదు.

ఆ ఊళ్లో ఉండేవాళ్లంతా చెప్పే జాగ్రత్త ఒకటుంది: కిటకిటలాడే రైల్లో ఒక్క పెట్టె మాత్రం ఖాళీగా వచ్చిందంటే సీట్లు దొరికాయని సంబరపడి ఎక్కకండి. అందులో ఏసీ చచ్చి ఉంటుంది, లేదా ముక్కు మూసుకోవాల్సిన కారణం ఏదో ఉంటుంది.