ఉద్దానం పరిశోధనకు యూరప్ నిధులు వస్తాయా?

కవిటి మండలం నుంచి వచ్చి జర్మనీలో పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్న ఒక అమ్మాయి ఈ మధ్య నన్ను ఇలా అడిగింది: ‘‘మా ల్యాబూ, మన శ్రీకాకుళం జిల్లాలోని ఒక వైద్య కళాశాలా కలిసి ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పనిచేస్తామంటే యూరోపియన్ యూనియన్ డబ్బు ఇస్తుందా అండీ? నాకు భారత పాస్‌పోర్టు ఉండడం అడ్డమవుతుందా?’’ విజయనగరం నుంచి 2008లో యూరప్‌కు వచ్చి ఇక్కడే స్థిరపడిన నాకు ఈ సందేహం ఏటా ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంది. పాస్‌పోర్టు అడ్డమయ్యే సందర్భాలు చాలా తక్కువ. చిక్కంతా మీరు ఇంతవరకు ఏ దేశంలో ఎన్ని నెలలు ఉన్నారన్న దగ్గర, డబ్బు చివరికి ఏ సంస్థ ఖాతాలో పడుతుందన్న దగ్గర వస్తుంది.

యూరప్ పరిశోధన నిధులలో పెద్దది హొరైజన్ యూరప్. 2021 నుంచి 2027 వరకు దీనికి ప్రకటించిన మొత్తం 9,550 కోట్ల యూరోలు. ఇందులో ఉమ్మడి ప్రాజెక్టుకు సాధారణంగా మూడు వేర్వేరు దేశాల నుంచి కనీసం మూడు స్వతంత్ర సంస్థలు కావాలి. అవి యూరోపియన్ యూనియన్ సభ్య దేశాలవో, సభ్యత్వం లేకున్నా ఒప్పందంతో ఈ కార్యక్రమంలో చేరిన అనుబంధ దేశాలవో అయి ఉండాలి, ఒక్కటైనా తప్పనిసరిగా సభ్య దేశానిదై ఉండాలి. భారతీయ సంస్థ కూడా చేరవచ్చు గాని, దాని ఖర్చు తనంతట తానుగా బ్రస్సెల్స్ నుంచి రాదు. ఫలానా నిధుల ప్రకటనలో ప్రత్యేకంగా రాసి ఉంటేనో, ఆ సంస్థ లేకుండా పని జరగదని తేలితేనో తప్ప, ఇండియా వాటాను ఇండియానే భరించుకోవాలి. ‘‘యూరప్ ప్రాజెక్టు వస్తోంది, మీ ల్యాబుకు యంత్రాలు వస్తాయి’’ అని ఊళ్లోని ప్రొఫెసరు గారికి ముందే మాట ఇచ్చి తరువాత ఇబ్బంది పడినవారిని చూశాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

వ్యక్తిగత ఫెలోషిప్పుల సంగతి వేరు. మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్పులో యూరప్‌కు వచ్చే విభాగానికి ఏ దేశ పౌరులైనా అర్హులే. పీహెచ్‌డీ పూర్తయి ఉండాలి, పూర్తయి ఎనిమిదేళ్లు దాటకూడదు. అసలు మెలిక నివాస నియమంలో ఉంది. దరఖాస్తు గడువు తేదీకి ముందున్న 36 నెలల్లో, మీరు వెళ్లదలచిన దేశంలో 12 నెలలకు మించి నివసించి ఉండకూడదు. హొరైజన్ యూరప్‌కు ముందున్న కార్యక్రమంలోనూ దాదాపు ఇదే నియమం ఉండేది, దాని దగ్గరే నేను బోల్తాపడ్డాను. నా ఉద్యోగ ఒప్పందం సెప్టెంబరు 1 నుంచి మొదలైంది కాబట్టి ఏడాది నిండలేదనుకొని, మరుసటి సంవత్సరం ఆగస్టు మధ్యలో ముగిసే గడువుకు దరఖాస్తు పెట్టాను. కాని గది వెతుక్కోవడానికి ముందుగానే వచ్చి నగరపాలక కార్యాలయంలో నివాసం నమోదు చేయించుకున్న కాగితం మీద జులై 27 అని ముద్ర ఉంది. మూడు వారాలు ఎక్కువైనందుకు నా ప్రతిపాదనను చదవకుండానే పక్కన పెట్టేశారు. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైలులో అన్నిటికంటే పైన ఉంటుంది.

కవిటి అమ్మాయి జర్మనీలో ఏళ్ల తరబడి ఉంది కనుక ఈ ఫెలోషిప్పుతో జర్మనీలోనే కొనసాగలేదు; డెన్మార్కుకో నెదర్లాండ్స్‌కో వెళ్లవచ్చు. ఇందులోనే గ్లోబల్ ఫెలోషిప్పు అనే విభాగంలో ఒకటి రెండేళ్లు యూరప్ వెలుపలి దేశంలో, అంటే ఇండియాలోనూ, పనిచేసి, తిరిగి వచ్చి మరో ఏడాది యూరప్‌లో పనిచేయాలి. పాస్‌పోర్టు ప్రశ్న తలెత్తేది ఇక్కడే, ఎందుకంటే ఈ విభాగం ప్రధానంగా సభ్య, అనుబంధ దేశాల పౌరులకు. అయితే సభ్య లేదా అనుబంధ దేశాలలో వరుసగా ఐదేళ్లు చట్టబద్ధంగా నివసించిన విదేశీయులకు ఈ ద్వారం తెరిచే ఉంటుంది. పీహెచ్‌డీ నాలుగున్నరేళ్లకే ముగుస్తుంటే, ఆ మిగిలిన ఆరు నెలల కోసం ఆగడం మంచిదని నా అభిప్రాయం.

ఇక రెండు దేశాలు కలిసి నడిపే పథకాలు. 2010లో ఏర్పడి గురుగ్రామ్ నుంచి పనిచేసే ఇండో-జర్మన్ సైన్స్ అండ్ టెక్నాలజీ సెంటరు ‘టూ ప్లస్ టూ’ ప్రాజెక్టులకు ప్రతి దేశం నుంచి ఒక పరిశోధన సంస్థనూ ఒక పరిశ్రమనూ అడుగుతుంది. ఫ్రాన్స్‌తో ఉమ్మడి పరిశోధనకు 1987 నుంచి సెఫిప్రా అనే సంస్థ ఉంది. భారత ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్టీ), జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ కలిసి ఇచ్చేది ప్రధానంగా రాకపోకలకు, బసకు. దానితో యంత్రాలు కొనలేరు గాని తొలి పరిచయానికి అంతకంటే మంచిది లేదు.

డబ్బు మంజూరైనా పని ఆగిపోయేది అనుమతుల దగ్గర. రోగుల రక్తం, మూత్రం నమూనాలతో విదేశీ భాగస్వామి ఉన్న ఏ ఆరోగ్య పరిశోధనకైనా స్థానిక ఎథిక్స్ కమిటీ ఆమోదంతో పాటు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ద్వారా ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కూడా కావాలి. నమూనాలు దేశం దాటాలంటే ఆ బదిలీకి వేరే ఒప్పందం రాసుకోవాలి. విదేశీ నిధులు అందుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉండాలి. చట్టం ద్వారా ఏర్పడి కాగ్ ఆడిట్‌కు లోబడిన సంస్థలకు మాత్రం మినహాయింపు ఉంది. ఈ చట్టానికి 2020లో వచ్చిన సవరణ తరువాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, ఒక సంస్థకు వచ్చినదాన్ని అది మరో సంస్థకు మళ్లించకూడదు. ‘‘తెలిసిన ఎన్జీవోకు పంపితే వాళ్లు కాలేజీకి ఇస్తారు’’ అనే పాత దారి అందువల్ల మూసుకుపోయింది.

ప్రతిపాదన విషయానికొస్తే, మన ఊరి జబ్బు అన్న ఆవేదన ఒక్కటే సరిపోదు. సోంపేటలో మా మేనత్త గారు డయాలిసిస్ కోసం బస్సులో విశాఖ వెళ్లివచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి గాని, పరిశీలకులు దానికి మార్కులు వేయరు. మధుమేహం, రక్తపోటు లేనివారిలో కూడా కారణం తేలకుండా కిడ్నీలు దెబ్బతినడం శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీలలోనూ కనిపిస్తోంది. తాగే నీరు, పురుగుమందులు, ఎండలో ఒంట్లో నీరు తగ్గిపోవడం, వంశపారంపర్యం అన్నీ అనుమానంలో ఉన్నాయి, ఏదీ పూర్తిగా రుజువు కాలేదు. జీడితోటల్లో పనిచేసేవారినీ చెరకు కోసేవారినీ ఒకే పద్ధతిలో, ఒకే పరీక్షలతో పోల్చగలిగినప్పుడు, ఇన్ని దేశాలు ఎందుకు కలవాలన్న ప్రశ్నకు జవాబు ప్రతిపాదనలోనే ఉంటుంది.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఆ కళాశాల ప్రొఫెసరు గారిని కలవడంతో సరిపెట్టుకోకుండా, వారి అకౌంట్స్ విభాగంలో కూడా ఒక పూట కూర్చోండి. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు పత్రం గాని మినహాయింపు ఉత్తర్వు గాని, దానితో పాటు ఎథిక్స్ కమిటీ రిజిస్ట్రేషన్ పత్రం నకళ్లు తీసుకొని వచ్చాక ప్రతిపాదన మొదటి పేజీ మొదలుపెట్టండి.