జారలేదమ్మాయ్, తిరిగింది

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. 'క్విల్ట్ స్కేలు జారకుండా తొమ్మిది చిట్కాలు.' క్విల్ట్ అంటే గుడ్డముక్కలు కలిపి కుట్టే బొంత, దానికి ముక్కలు కోసేటప్పుడు గుడ్డ మీద ఆనించే వెడల్పాటి పారదర్శక స్కేలు గురించి. మొదటిసారి చదివి పక్కన పడేశాను. మర్నాడు పెన్సిలు పట్టుకుని మళ్లీ చదివాను. వయసులో పెద్దదాన్ని కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. వాక్యాలు పొట్టిగా ఉన్నాయి, చదువుతుంటే అడ్డు తగల్లేదు. మెచ్చుకోవడం ఇంతటితో అయిపోయింది.

మూడు పేజీల్లో 'జారడం' అనే మాట ఇరవై రెండుసార్లు వాడావు. లెక్కపెట్టాను. జారింది, జారుతుంది, జారితే, జారకుండా. అన్నిచోట్లా అదే క్రియ. అంటే స్కేలు కదులుతున్నప్పుడు నువ్వు దాన్ని చూడలేదన్నమాట. వంకరగా తెగిన గుడ్డని చూసి, జారి ఉంటుందిలే అనుకున్నావు.

ఒక పని చెయ్యి. 6 బై 24 అంగుళాల స్కేలు, కోసేటప్పుడు గుడ్డ కింద పరిచే మ్యాట్ మీద నిలువుగా పెట్టు. ఎడమ చెయ్యి సరిగ్గా దాని మధ్యలో ఆనించి గట్టిగా నొక్కు. ఇప్పుడు కుడిచేతి చూపుడు వేలితో స్కేలు పైకొసని ఎడమవైపుకి తొయ్యి. ఒక్క వేలికే కదులుతుంది. పైకొస ఎడమకి పోతుంది, కింది కొస కుడికి వస్తుంది. నీ అరచేతి కింద ఉన్న భాగం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నువ్వు పట్టుకున్నచోట స్కేలు కదలనే లేదు. మరి దీన్ని జారడం అని ఎలా అంటావు? అది తిరిగింది. నీ అరచెయ్యే దానికి ఇరుసు.

చక్రంలాంటి బ్లేడ్ దొర్లించి గుడ్డ కోసే రోటరీ కట్టర్ చేసేది కూడా ఇదే. కింద మొదలుపెట్టి పైకి తోసుకుంటూ వెళ్తావు. బ్లేడ్ స్కేలు అంచుని రాసుకుంటూ పోతుంది కాబట్టి ముందుకే కాదు, కాస్త పక్కకి కూడా తోస్తుంది. నీ చేతికి ఎదురుగా ఉన్నంతవరకు ఆ తోపు లెక్కలోకి రాదు. చెయ్యి దాటి పది, పన్నెండు అంగుళాలు పైకి వెళ్లాక, ఆ కాస్త తోపే గునపాన్ని కొసన పట్టుకుని తిప్పినట్టు పనిచేస్తుంది. అందుకే కోసిన గుడ్డ పట్టీ కింది సగం చక్కగా ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ స్కేలు కింది ముక్క సన్నబడుతుంది. స్కేలు నిజంగా జారి ఉంటే రెండు కొసలూ ఒకేలా తగ్గాలిగా! ఎన్ని ముక్కల్లో అలా తగ్గడం చూశావు?

ఇది తెలియకుండా నాలుగో చిట్కాలో 'గట్టిగా నొక్కి పట్టండి' అన్నావు. నొక్కితే ఏమవుతుంది? ఇరుసు గట్టిపడుతుంది, స్కేలు తిరుగుతూనే ఉంటుంది. పైగా భుజం నొప్పి.

కావలసింది బలం కాదు, చెయ్యి నడవడం. వేళ్లు వీలైనంత ఎడంగా చాపు. చిటికెన వేలు స్కేలు అవతలి అంచు దాటి, అంటే బ్లేడ్ లేనివైపు, గుడ్డ మీదికి దిగాలి. స్కేలు తిరగబోతే ముందు ఆ వేలికే తగులుతుంది, అదే అడ్డుకట్ట. స్కేలు కింది భాగంలో చెయ్యి పెట్టి కోయడం మొదలుపెట్టు. బ్లేడ్ వేళ్ల ఎదురుకి రాగానే ఆగు. కట్టర్ ఎత్తకు, గుడ్డలోనే దిగి ఉండనీ. ఇప్పుడు గొంగళిపురుగు నడిచినట్టు ముందు వేళ్లు పైకి జరుపు, తర్వాత అరచెయ్యి లాక్కో. మొత్తం చెయ్యి ఒక్కసారిగా ఎప్పుడూ లేవకూడదు. మళ్లీ కొయ్యి, మళ్లీ ఆగు. పొడుగాటి కోతకి రెండు మూడుసార్లు ఆగితే చాలు. కూర్చుని చేస్తే కుదరదు, నిలబడాలి. అది కూడా నువ్వు రాయలేదు.

ఈ చిటికెన వేలి గురించి నేను మొదటిసారి రాసినప్పుడు ఒక సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేశాడు. 'పాఠకులకి ఎందుకు అనేది అక్కర్లేదు, ఎలా అనేది చెప్పండి చాలు' అని మార్జిన్‌లో ఎర్ర సిరాతో రాశాడు. ఎందుకో తెలియనివాడికి ఎలాగో చెప్తే వాడు రెండోరోజుకి మర్చిపోతాడని ఆయనకి ఎవరు చెప్పాలి! అంతటితో ఊరుకున్నాడా అంటే, లేదు. నేను రాసిన ఆరు విషయాలని పది చేశాడు. శీర్షికలో పది అని ఉండాలట, ఆరు అంటే చూడ్డానికి బాగుండదట. తనే కలిపిన ఆ నాలుగింట్లో ఒకటి, స్కేలు కింద మందపాటి రబ్బరు ముక్కలు అంటించమని. నా పేరుతోనే అచ్చయింది.

మందం ఉన్నది అంటిస్తే స్కేలు గుడ్డ మీద ఆనదు, పైన తేలుతుంది. తల కాస్త అటూ ఇటూ అయినా స్కేలు మీది కొలత గీత ఒక్కోచోట కనిపిస్తుంది. అంచు కింద గుడ్డకి పట్టు ఉండదు కాబట్టి బ్లేడ్ ముందు ముడతలు పడుతుంది. ఆ నెలలోనే ఒకామె ఉత్తరం రాసింది. 'మీరు చెప్పినట్టు అంటించాను, ఒక కాలు పొట్టైన కుర్చీలాగా స్కేలు ఊగుతోంది, మీరు చేసి చూశారా?' అని అడిగింది. చూడలేదు, అది నేను రాసింది కాదు అని జవాబు రాయొచ్చు. రాయలేదు. సంపాదకుడి మీద కోపం, ఆమె ముందు సిగ్గు, రెండూ కలిసి ఆ ఉత్తరం డ్రాయర్‌లోకి వెళ్లింది. ఇప్పటికీ అక్కడే ఉంది. అప్పటినుంచి నాకు చిట్కా అనే మాట వింటేనే ఒళ్లు మండుతుంది. నీ శీర్షిక చూసి మొదటిరోజు పక్కన పడేసింది అందుకే, నీ తప్పు కొంతే.

నాకైనా 'తిరిగింది' అనే ఈ క్రియ వెంటనే దొరికిందనుకోకు. ఓల్ఫా కంపెనీ రోటరీ కట్టర్‌ని 1979లో తెచ్చింది. అది నా చేతికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. నేను నేర్చుకున్నది అట్టముక్క, పెన్సిలు, కత్తెరతో. అట్టని గుడ్డ మీద పెట్టి, చుట్టూ గీసి, ఒక్కో ముక్కా కత్తిరించేదాన్ని. అట్ట కుదురుగా ఉండాలని వెనక ఉప్పుకాగితం అంటించాను. అయినా ముక్కలు ఒకదానికొకటి కలిసేవి కావు. ఇంకా గరుకైన కాగితం తెచ్చాను, లాభం లేదు. ఒకరోజు మా అక్క బల్లకి అటువైపు కూర్చుని ఊరికే చూస్తోంది. 'అదేంటే, గడియారం ముల్లులా తిరుగుతోంది' అంది. అక్కకి కుట్టడం రాదు, సూదిలో దారం కూడా ఎక్కించదు. అయితే ఎదురుగా కూర్చుంది కాబట్టి అట్టని చూసింది, నేనేమో పెన్సిలు మొననే చూస్తున్నాను. ఆ పూట నుంచి అట్ట మీద రెండు వేళ్లు ఎడంగా పెట్టాను. ముక్కలు కలిశాయి.

అందుకే అంటున్నాను, ముందు క్రియ వెతుక్కో. స్కేలు తిరిగిందా, పక్కకి జరిగిందా, లేచిందా? లేక స్కేలు కుదురుగానే ఉండి కింద గుడ్డ కదిలిందా? అదీ కాక మ్యాటే బల్ల మీద జారిందా? (ఇరవై రెండుసార్లు వాడిన మాటకి సరైన చోటు ఇదొక్కటే.) తెలుసుకోవడం కష్టమేం కాదు. గుడ్డ దాటి బయటికి వచ్చిన స్కేలు రెండు కొసల దగ్గరా, బ్లేడ్ లేనివైపు, అంచుకి ఆనించి మ్యాట్ మీద చిన్న టేపు ముక్కలు అంటించు. కోశాక చూడు. స్కేలు ఒక కొసనే టేపు మీదికి ఎక్కితే తిరిగింది. రెండుచోట్లా ఎక్కితే జరిగింది. ఎక్కడా ఎక్కకుండా ముక్క వంకరగా వచ్చిందంటే కదిలింది గుడ్డ. నా అనుభవంలో పదిసార్లలో ఏడెనిమిదిసార్లు తిరగడమే ఉంటుంది.

నీ తొమ్మిది చిట్కాల్లో ఆరు, పక్కకి జరిగేదానికి పనికొచ్చే మందులు. సిలికాన్ బిళ్లలు, ఉప్పుకాగితం చుక్కలు, ఆస్పత్రిలో కట్టు మీద అంటించే కాగితం టేపు, పారదర్శక ఫిల్మ్ వగైరా. వాటిలో నా ఓటు ఫిల్మ్‌కే. స్కేలు అడుగంతా ఒకే మందంతో పరుచుకుంటుంది, గీతలు కనిపిస్తాయి. ఉప్పుకాగితం నూలుకి ఫర్వాలేదు గానీ సిల్కు, శాటిన్ లాంటివాటికి గీరుకుంటుంది. ఇవన్నీ పనికిరావని అనను, స్కేలు తిరగడాన్ని కూడా కాస్త తగ్గిస్తాయి. కాకపోతే చెయ్యి మధ్యలోనే ఉంచేసి పన్నెండు అంగుళాల అవతల కోస్తుంటే బిళ్లలు ఏం కాపాడతాయి?

స్కేలు పైకొసన బరువు పెట్టమన్నావు చూడు, ఎనిమిదో చిట్కా, అది నిజంగా పనిచేస్తుంది. ఎందుకు పనిచేస్తుందో ఆలోచించావా? ఒకచోట చెయ్యి, ఇంకోచోట బరువు. రెండుచోట్ల పట్టుకున్న స్కేలు తిరగలేదు. రబ్బరు కప్పులతో స్కేలుకి అతుక్కునే సక్షన్ పిడి కూడా అంతే. ఎడంగా రెండు కప్పులు ఉన్న పొడుగాటిదైతే పట్టుకుంటుంది. ఒక్క కప్పుదైతే దాని చుట్టూ తిరుగుతుంది, దుకాణంవాళ్లు చెప్పరు. నువ్వు రెండింటినీ ఒకే గాటన కట్టేశావు.

గుడ్డ కదిలితే గంజిపెట్టి ఇస్త్రీ చెయ్యి, నాలుగు పొరలకి మించి ఒకేసారి కొయ్యకు. స్కేలు అడుగున, మ్యాట్ మీద పేరుకున్న నూగు తుడువు. మ్యాట్ జారితే దాని కింద, డ్రాయర్లలో పరిచే జల్లెడలాంటి రబ్బరు షీటు వెయ్యి. ఇవి అందరికీ తెలిసినవే.

బ్లేడ్ గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. నాకు బాగా కోపం వచ్చింది అక్కడే. మొండి బ్లేడ్ గుడ్డని కోయదు కాబట్టి మనం ఇంకా బలంగా తోస్తాం, ఆ బలమంతా పోయి స్కేలు మీద పడుతుంది. నా మొదటి కట్టర్‌కి ఏడాదిన్నర బ్లేడ్ మార్చలేదు. స్కేలు మంచిది కాదని ఇంకోటి కొన్నాను, అదీ తిరిగింది. మ్యాట్ మార్చాను. చివరికి బ్లేడ్ మార్చిన రోజు పాత స్కేలే బుద్ధిగా నిలబడింది. బ్లేడ్‌కి నొక్కు పడిందో లేదో గుడ్డే చెప్తుంది. 45 మిల్లీమీటర్ల బ్లేడ్ ఒక చుట్టు తిరిగితే సుమారు 14 సెంటీమీటర్లు. తెగకుండా మిగిలిన దారాలు సరిగ్గా ప్రతి 14 సెంటీమీటర్లకీ కనిపిస్తుంటే నొక్కు పడినట్టే. ఇలాంటిది ఒక్కటి నీ వ్యాసంలో ఉంటే మిగతా ఎనిమిదీ క్షమించేదాన్ని.

ఏడో చిట్కా మధ్యలో ఒక వాక్యం ఉంది. 'ఇలాగే ఒకసారి పాప మొదటి గౌను గుడ్డ పాడైంది.' అంతే రాసి, మళ్లీ సక్షన్ పిడి దగ్గరికి వెళ్లిపోయావు. రెండోరోజు నన్ను కూర్చోబెట్టింది ఈ వాక్యమే. అయితే 'పాడైంది' అంటే ఏమైంది? ఇది కూడా 'జారింది' లాంటి మాటే, జరిగినదాన్ని కప్పేస్తుంది. నాలుగు పొరలు మడిచి కోశావా? అలాగైతే ఒక్క తప్పుకి నాలుగు ముక్కలు పోయి ఉంటాయి. పైకొసన ఎంత తగ్గింది? పావు అంగుళమైతే కుట్టుకి వదిలిందే మిగల్లేదు. అంగుళంలో పదహారోవంతే తగ్గి ఉంటే ఆ ఒక్క ముక్కలో ఎవరికీ తెలియదు. అలాంటి ఎనిమిది ముక్కలు వరసగా కుడితే మాత్రం అర అంగుళం పోతుంది, పక్క వరసతో కలవదు. నీకు ఏది జరిగింది? అప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడుంది? వేరే గుడ్డయితే మళ్లీ తెచ్చుకుంటాం, ఇది మళ్లీ దొరికేది కాదని స్కేలు ఎత్తి చూసినప్పుడే తెలిసిందా, అంతకుముందే తెలిసి చెయ్యి వణికిందా?

ఇవి రాయి. తొమ్మిదింట్లో ఏడు తీసెయ్యి. శీర్షికలో అంకె ఉండకూడదు. ఎవరైనా సంపాదకుడు అంకె కావాలంటే వ్యాసం వెనక్కి తెచ్చుకో. నాలా ఊరుకోకు.

ఏ కంపెనీ స్కేలు మంచిది, వ్యాసం ఎక్కడికి పంపాలి, ఫొటోలు ఎన్ని అని అడిగావు. ఫొటో ఒకటి చాలు, పైనుంచి తీసిన నీ ఎడమ చెయ్యి. చిటికెన వేలు కనిపించాలి. మిగతా ప్రశ్నలు నీ ఉత్తరం రెండో పేజీలో ఉన్నాయి, ఆ పేజీ ఇప్పుడు కనబడటం లేదు.

పాప గౌనులో ఇంకా ముక్క మిగిలి ఉంటే, కొత్త బ్లేడ్ వేసి పనికిరాని గుడ్డ మీద ఇరవై కోతలు కోసేదాకా దాన్ని బయటికి తీయకు. కోసేటప్పుడు ఎవరినైనా బల్లకి అటువైపు కూర్చోమను. కుట్టడం రానివాళ్లయితే మరీ మంచిది.

ఉంటాను.