నిందితుడు దొరక్కపోతే కేసు దానంతటదే ముగుస్తుందా?

సందేహం: మా తమ్ముడిపై 2017లో ఐపీసీ 420 కింద కేసు నమోదైంది. ఛార్జిషీటు వేశాక, బెయిలుపై ఉంటూనే వాయిదాలకు వెళ్లడం మానేసి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. నాన్‌బెయిలబుల్ వారెంటు పెండింగులో ఉంది. ఇన్నేళ్లుగా దొరకలేదు కనుక కేసు కొట్టేయించవచ్చా? మా ఉమ్మడి ఇంటిని జప్తు చేస్తారా?

జవాబు: నిందితుడు కనిపించడం లేదన్న ఒక్క కారణంతో క్రిమినల్ కేసు ముగియదు. వారెంటు అమలయ్యే వరకు గానీ, జారీ చేసిన కోర్టే దాన్ని రద్దు చేసే వరకు గానీ అది చెల్లుతూనే ఉంటుంది. కాలపరిమితి దాటిందన్న వాదన కూడా నిలవదు. ఆ పరిమితి కోర్టు కేసును విచారణకు స్వీకరించే దశకు సంబంధించినది, పైగా మూడేళ్లకు మించి శిక్ష పడగల నేరాలకు అది లేదు, 420కి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఎంత వెతికినా మనిషి దొరకనప్పుడు కేసును దీర్ఘకాలిక పెండింగు కేసుల రిజిస్టరుకు, అంటే ఎల్‌పీసీకి మారుస్తారు. వాయిదాలు ఆగిపోయేసరికి కేసు పోయిందని కుటుంబాలు భ్రమపడుతుంటాయి గానీ, అతడు పట్టుబడిన నాడు అదే కేసు మళ్లీ నడుస్తుంది.

ఈలోగా క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 335 (పాత సీఆర్‌పీసీ 299) కింద, పరారీ రుజువైతే, అతడు లేకుండానే సాక్షుల వాంగ్మూలం నమోదు చేయవచ్చు. ఆ సాక్షి తరువాత మరణిస్తే, క్రాస్ ఎగ్జామినేషన్ జరగని ఆ వాంగ్మూలమే అతడిపై సాక్ష్యమవుతుంది. పరారీలో ఉన్నవారు తలపోయని నష్టం ఇదే. నిందితుడు లేకుండా తీర్పు దాకా వెళ్లే 356వ సెక్షను మాత్రం పదేళ్లు, అంతకు మించి శిక్ష పడగల నేరాలకే గనుక మీ తమ్ముడికి వర్తించదు. విచారణను మధ్యలో నిలిపివేసే 281వ సెక్షను సమన్స్ కేసులకే, అంటే రెండేళ్లకు మించి శిక్ష పడని చిన్న నేరాలకే పరిమితం. ఇది అంతకు మించి శిక్ష పడగల వారెంటు కేసు.

జప్తు విషయానికొస్తే, ముందుగా నిందితుడు హాజరు కావాలంటూ కనీసం 30 రోజుల గడువుతో కోర్టు ప్రకటన వెలువడాలి. జప్తు చేయదగినది నిందితుడి ఆస్తినే. మీ వాటాను కూడా కలిపి జప్తు చేస్తే ఆరు నెలల్లోగా మీరు అభ్యంతరం దాఖలు చేయాలి. అతడి ఆచూకీ తెలిసి ఆశ్రయమిచ్చారా, అదీ నేరమే. ఆశ్రయమిచ్చినా నేరం కాదన్న మినహాయింపు భార్యాభర్తలకే ఉంది, అన్నదమ్ములకు లేదు.

కేసు నిజంగా ముగియాలంటే అతడు స్వయంగా కోర్టులో లొంగిపోయి, వారెంటు రద్దు చేయమని కోరే రీకాల్ పిటిషను వేయాలి. 420 కోర్టు అనుమతితో రాజీ చేసుకోదగిన నేరం గనుక, మోసపోయిన వ్యక్తి అంగీకరిస్తే ఆ రాజీతో అతడు నిర్దోషిగా విడుదలవుతాడు. అందుచేత ఫిర్యాదుదారుతో మాటలు ఇప్పుడే మొదలుపెట్టి, ఛార్జిషీటు, వారెంటు ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలు తీసుకుని అదే కోర్టులోని క్రిమినల్ న్యాయవాదిని కలవండి.