చేతికర్ర చేతికిచ్చే ముందు

అమ్మాయీ,

ఆశీస్సులు. పల్లెల్లో పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల నామోషీ పోగొట్టి, చేతికర్రలూ వాకర్లూ వాడేలా చేస్తానని బయల్దేరుతున్నావట. వినగానే ఛాతీ ఉప్పొంగింది. ఆ రాత్రే భయమూ పట్టుకుంది. వాళ్లు నీ మాట వినరేమోనని భయం లేదు. నీ మాట విని, నువ్విచ్చిన కర్ర పట్టుకుని, దాంతోనే జారిపడతారేమోనని నా బెంగ. ఊళ్లో ఒక్కరు కర్రతో పడితే చాలు, మిగతా అందరికీ సాకు దొరుకుతుంది. "కర్ర పట్టాడు, పడ్డాడు" అనే మాట పొరుగూరు దాకా పోతుంది. అంతకుముందు కర్ర లేకుండా ఎన్నిసార్లు పడ్డాడో ఎవరూ లెక్కపెట్టరు. అందుకే ముందు రబ్బరు సంగతి చెప్తాను, మనసుల సంగతి తర్వాత.

కర్ర అడుగున ఉండే రబ్బరు బుష్‌ని తిరగేసి చూడు. కొత్తదానికి వలయాలు వలయాలుగా గాట్లు ఉంటాయి. అవి అరిగి నున్నబడితే తడి బండ మీద కర్ర నిలవదు. రబ్బరులోంచి లోహం తొంగిచూస్తే ఆ రోజే మార్చెయ్యాలి. ఒక పక్కే అరుగుతోందంటే కర్రని వాలుగా ఆనిస్తున్నారన్నమాట, పక్కన రెండడుగులు నడిచి చూడు. మట్టి దారుల్లో గాట్ల నిండా బురద గట్టిపడుతుంది, అప్పుడవి ఉన్నా లేనట్టే. పుల్లతో గీకేయడం నేర్పు. నీ సంచిలో విడి బుష్‌లు ఎప్పుడూ ఉండాలి. గొట్టం లావు కొలిచే కొను, వదులైన బుష్ బురదలో ఊడి అక్కడే ఉండిపోతుంది. ఎత్తు మార్చే కర్రలో చిన్న గుండీ టక్కుమని రంధ్రంలోంచి పూర్తిగా బయటికి రావాలి. సగమే వస్తే బరువు పడ్డ క్షణంలో కర్ర కుంగిపోతుంది.

ఎత్తు కొలవడం తేలికే. రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబెట్టి, చేతులు వదిలెయ్యమను. మణికట్టు గీత దగ్గరికి పిడి పైభాగం రావాలి. పట్టుకున్నప్పుడు మోచేయి 15 నుంచి 20 డిగ్రీలు వంగితే సరిపోయినట్టు. వాకర్‌కీ ఇదే కొలత. ఉత్త కాళ్లతో తిరిగేవాళ్లని ఉత్త కాళ్లతోనే కొలువు. కర్ర పొడవైతే భుజం పైకి లేస్తుంది. పొట్టిదైతే మనిషి ముందుకు వంగిపోతాడు, ఆ వంగడం చూసుకునే "ముసలాణ్ణైపోయాను" అని కర్ర మూలన పడేస్తాడు. సగం నామోషీ రెండు అంగుళాల కొలత తప్పులోంచి పుడుతుంది.

ఏ చేత్తో పట్టాలన్నది చాలామంది తప్పు చేసే చోటు, నువ్వు మాత్రం చెయ్యకు. నొప్పి కుడికాలైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. నొప్పి కాలి మీద నిలబడి రెండోది ఎత్తినప్పుడు, నడుము ఎత్తిన కాలి వైపు వాలబోతుంది. దాన్ని ఆపడానికి నొప్పి వైపు తుంటి కండరాలు గట్టిగా లాగుతాయి, ఆ లాగుడు బరువంతా కీలు మీదే పడుతుంది. నొప్పి లేని వైపు చేతిలో కర్ర ఉంటే వాలే వైపే ఊతం దొరికి కీలు తెరిపిన పడుతుంది. కర్రా నొప్పి కాలూ కలిసి ముందుకు, మంచికాలు తర్వాత. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు. దిగేటప్పుడు కర్రా నొప్పి కాలూ ముందు. వాకర్ నాలుగు కాళ్లూ నేల మీద ఆనాకే అడుగు వెయ్యాలి. లేచేటప్పుడు వాకర్‌ని పట్టి లాగకూడదు, మంచం అంచునో కుర్చీ చేతులనో అదిమి లేవాలి. నాలుగు కాళ్ల కర్ర గట్టి చదును నేలకి బాగుంటుంది, గతుకుల్లో మూడు కాళ్లే ఆని ఊగుతుంది. పొలం గట్టు మీదికి దాన్ని పంపకు.

ఇక ఈ పనిలో ఉన్నవాళ్లమందరం చేసిన పాత తప్పు. నువ్వూ అదే చేస్తావని నా గట్టి అనుమానం, ఎందుకంటే చూడ్డానికి అది మంచిపనిలా ఉంటుంది.

ఊరందరినీ ఒకచోట కూర్చోబెడతారు. పేరు పేరునా పిలుస్తారు. ఒక్కొక్కరూ లేచి వచ్చి కర్ర అందుకుంటారు, చప్పట్లు కొడతారు, ఫొటో తీస్తారు. అన్ని కర్రలూ ఒకటే ఎత్తు, ఎవరూ కొలవరు. ఇచ్చేవాళ్లకి అది పంపకం. పేరు పిలిపించుకున్న మనిషికి మాత్రం అది చాటింపు, "ఈయన నడవలేడు" అని పదిమందిలో చెప్పడం. నిన్నటిదాకా కాస్త నెమ్మదిగా నడిచే మనిషి, ఆ పూటతో కుంటివాళ్ల జాబితాలో చేరిపోయాడు. పంచాయితీకి పిలుస్తారో లేదో, పొలం విషయంలో మాట చెల్లుతుందో లేదో అన్న దిగులు అప్పుడే మొదలవుతుంది. కాలి నొప్పి కన్నా అది పెద్ద నొప్పి.

తర్వాత ఆ ఇళ్లకి వెళ్లి చూస్తే కర్ర తలుపు మూలన ఉంటుంది. పిడి మీద ప్లాస్టిక్ కవరు చింపను కూడా చింపరు. కొన్ని ఇళ్లలో అది పాదుకి ఊతమై ఉంటుంది. కానీ గోడ చూడమ్మా. మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా, నడుము ఎత్తున, అరచేయి ఆనించి ఆనించి నల్లబడి నున్నబడిన చార ఒకటి కనిపిస్తుంది. గుమ్మం చెక్క మీదా అంతే, చెయ్యి పట్టే చోట మెరుస్తూ ఉంటుంది. కర్ర కొత్తది, గోడ అరిగింది. ఆ మనిషి ఊతం తీసుకుంటూనే ఉన్నాడు, చాటుగా. అది అర్థమయ్యేదాకా వాళ్లని మొండివాళ్లనీ చాదస్తులనీ తిట్టుకున్నాం. అంతకన్నా చేటు ఏమిటంటే, కొందరు ఎవరి కంటా పడకూడదని చీకటి పడ్డాకే కర్ర తీసేవాళ్లు. గతుకులు కనపడని వేళ, అలవాటు లేని కర్రతో. ఆ పడిపోవడాల లెక్క మన ఖాతాలోదే.

అందుకని బతిమాలుతున్నాను, సభలు పెట్టకు. ఇంటికి వెళ్లు, ఒక్కరి దగ్గరే కూర్చో. మొదటిరోజు కర్ర సంచిలోంచి తియ్యనే తియ్యకు. "నడవలేకపోతున్నారా?" అని అడిగితే ఎవరైనా "బాగానే నడుస్తున్నా" అనే అంటారు. "ఈ మధ్య ఎక్కడికి వెళ్లడం మానేశారు?" అని అడుగు. ఒకరు చెరువు గట్టు అంటారు, ఒకరు చెల్లెలి ఇల్లు అంటారు. ఇక నీ మాటలన్నీ ఆ గట్టు గురించే, ఆ ఇంటి గురించే. కర్ర మధ్యలో దానంతటదే వస్తుంది.

మొదటి వారం పెరట్లోనే నడిపించు. సిగ్గంతా తడబడే మొదటి అడుగుల దగ్గర, అది ఎవరి కంటా పడనివ్వకు. చెయ్యి కుదిరాక పగటిపూట, తెలిసినవాళ్లు ఎదురయ్యే దారిలో, దగ్గరి చోటుకి. జబ్బ పట్టుకుని నడిపించకు, కొంచెం వెనకగా పక్కన ఉండు. ఇంట్లో ఉన్నప్పుడు కర్ర మంచం మీంచి చెయ్యి చాస్తే అందాలి, సర్దే నెపంతో కోడలు బీరువా వెనక పెట్టకుండా చూడు. కొడుకులకి కూడా నచ్చజెప్పాలి. "నాన్న కర్ర పడితే జనం మమ్మల్ని అంటారు" అన్న మాట చాలా ఇళ్లలో వింటావు.

పశువుల వెంట పట్టే కర్ర మీద ఎవరికీ నామోషీ లేదని గుర్తుపెట్టుకో. అది పెత్తనం చేసే కర్ర. ఆ మనిషికి తన కర్రే ఇష్టమైతే బీటలు లేవని చూసి, అడుగున సరిపడే బుష్ తొడుగు. పిడి ఉన్న కర్రంత బరువు మొయ్యదు, అయినా మొదటి మెట్టుగా అదే కానివ్వు.

"వద్దు" అన్న ప్రతిదీ సిగ్గనుకోకు, తల్లీ. ఆడవాళ్లకి ఒక చేతిలో బిందో గంపో ఉంటుంది, రెండో చెయ్యి కర్రకిస్తే పని ఎలా సాగుతుంది? భుజాన వేలాడే సంచి ఇవ్వు, వాకర్‌కి బుట్ట కట్టు. వాకర్ ఇచ్చే ముందు గుమ్మం వెడల్పు కొలువు. చక్రాల వాకరైతే ఆ చిన్న చక్రాలు ఇసకలో దిగబడతాయి. ఉన్నట్టుండి ఒక పక్క నీరసపడ్డవాళ్లకీ, లేవగానే కళ్లు తిరిగేవాళ్లకీ ముందు డాక్టరు, తర్వాతే కర్ర. ఎవరికి అవసరమో తేలకపోతే కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమను. 12 సెకన్లు గానీ అంతకు మించి గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టే. ఆ పరీక్ష కూడా నలుగురిలో పెట్టకు.

ప్రపంచ ఆరోగ్య సంస్థా యునిసెఫూ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఏదో ఒక సహాయ పరికరం అవసరమైనవాళ్లు 250 కోట్లకు పైనే. అందులో కళ్లజోళ్లూ ఉన్నాయి. అంకెలు నీ కోసం చెప్పాను, వాళ్ల ముందు వల్లించకు. కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన కనిపిస్తే మాత్రం ఆ జోడూ కర్రలాంటి ఊతమేనని రెండు మాటలు మాట్లాడు.

నీకు తొందరెక్కువ. ఒక్కో ఇంటికి నాలుగుసార్లు తిరగాల్సొస్తుంది, తిరుగు. నువ్వూ వేళకి తిను, ఎండన పడి తిరగకు. నెల తర్వాత వెళ్లినప్పుడు "వాడుతున్నారా?" అని అడగకు, నీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక "ఆఁ" అంటారు. ఊరికే కర్ర తిరగేసి బుష్ చూడు. గాట్లు అరగడం మొదలైతే, మాట్లాడకుండా కొత్తది తొడిగి రా.

ఇట్లు,
నీ పెద్దమ్మ