ఆసుపత్రి రిజిస్టరుకెక్కని జబ్బులు

ప్రశ్న: మాది చిత్తూరులో ఒక వార్డు సంక్షేమ సంఘం. ఏటా ఉచిత కంటి శిబిరం పెడుతున్నాం. ఈసారి వార్డువాసులకు ఏది ఎక్కువ అవసరమో తెలుసుకొని ఖర్చు పెట్టాలని ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి లెక్కలు తెచ్చుకుంటే సరిపోతుందా? – ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: సరిపోదండీ. ఆసుపత్రి లెక్కల్లో అక్కడికి వచ్చినవారే ఉంటారు. పెద్ద జబ్బనగానే మీ ఊరివారు చాలామంది వేలూరు సి.ఎం.సి., తిరుపతి స్విమ్స్ వంటి పెద్దాసుపత్రులకు వెళ్తారు కనుక వారి వివరాలు స్థానిక రిజిస్టరుకు ఎక్కవు. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో జిల్లా అంకెలు దొరుకుతాయి గానీ, అవి 2019లో, అంటే 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా విడిపోకముందు సేకరించినవి. ఉమ్మడి జిల్లా సగటును బట్టి మీ వీధుల సంగతి తెలియదు.

కాబట్టి ఇల్లిల్లూ తిరగక తప్పదు. ముందుగా వార్డు సచివాలయంలోని ఆరోగ్య కార్యదర్శిని, ఆశా కార్యకర్తలను కలవండి. అన్ని ఇళ్లకూ వెళ్లలేకపోతే ప్రతి వీధిలోనూ పది ఇళ్లకు ఒకటి చొప్పున ఎంచుకోండి. తాళం వేసి ఉంటే పక్కింటికి పోకుండా సాయంత్రం మళ్లీ అదే ఇంటికి వెళ్లండి, ఎందుకంటే పగటిపూట తాళం కనిపించేది ఎక్కువగా కూలినాలికి వెళ్లేవారి ఇళ్లకే, మనకు ముఖ్యంగా తెలియాల్సిందీ వారి సంగతే.

అడిగే తీరు మరీ ముఖ్యం. "మీకు షుగర్ ఉందా?" అంటే, ఎన్నడూ రక్తపరీక్ష చేయించుకోని మనిషి కూడా లేదనే చెబుతాడు. చివరిసారి పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు, మాత్రలు అయిపోతే ఎక్కడ తెచ్చుకుంటున్నారు, నిరుడు వైద్యానికి అప్పు చేశారా అని అడగండి. వీలైతే మాత్రల అట్ట చూపించమనండి. నెల కిందట కొన్న అట్టలో సగం మాత్రలు అలాగే మిగిలి ఉంటే, అక్కడ కొరత మందుది కాదు, చెప్పి వేయించేవారిది.

ఇక ఏది ముందు అన్నది తేల్చేటప్పుడు ఎందరికి ఉంది, ఎంత హాని చేస్తుంది అన్న వాటితోపాటు మీ చేతిలో ఏముంది అన్నదీ చూడాలి. డయాలసిస్ మీ సంఘానికి మించిన పని. మూత్రపిండాలను దెబ్బతీసే బి.పి., షుగర్‌లను 30 ఏళ్లు దాటినవారిలో ముందే పట్టుకోవడం మీరు చేయగల పని. కంటి శిబిరాన్నీ మానవద్దు. షుగర్ ఉన్నవారికి ఏటా రెటీనా (కంటి లోపలి వెనకపొర) పరీక్ష కావాలి కనుక, వారినే ముందు పిలవండి.

తేలిన విషయాలను వార్డు సభలో పెట్టండి, అయితే రోగుల పేర్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ బయటపెట్టకండి. సభలో ఆడవాళ్లు జబ్బులకంటే ముందు మురుగుకాలువ, దోమల మాట ఎత్తవచ్చు. అదీ ఆరోగ్య అవసరమే. దానిని జాబితాలో చేర్చి నగరపాలక సంస్థకు అర్జీ ఇవ్వండి.