రోబో చేప తోక ఊపుతోంది గానీ ముందుకెళ్లట్లేదు, ఎందుకు?

చేప పొడవు 30 సెంటీమీటర్లు, తోకకి ఒకే సర్వో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు), దాని వెనక గట్టి యాక్రిలిక్ ముక్క, ఆన్ చేస్తే ఉన్నచోటే తల ఆడిస్తోంది అన్నారు కదా, ఇంకా పెద్ద సర్వో కొనకండి, ముందు ఆ తోక మార్చండి. మేం బీటెక్‌లో ఇలాంటిదే చేశాం, మెత్తటి తోక పెట్టాకే అది కదిలింది.

గట్టి ప్లేటు అటూ ఇటూ ఊగితే నీళ్లని ఎక్కువగా పక్కకే నెడుతుంది, ఆ దెబ్బకి తల తిరుగుతుంది. నిజం చేపలో వంపు తల వైపు నుంచి తోకకి అలలా పోతుంది, తోక చివర కాస్త ఆలస్యంగా వస్తుంది, ఆ ఏటవాలు వల్లే నీళ్లు వెనక్కి పోతాయి. మెత్తటి తోకకి ఈ ఆలస్యం దానంతటదే వచ్చేస్తుంది. 2006లో వచ్చిన ఒక పరిశోధన పేపర్‌లో చచ్చిపోయిన ట్రౌట్ చేపని, పారే నీళ్లలో ఒక దిమ్మ వెనక పెడితే, అక్కడ పుట్టే సుళ్లకే ఒళ్లు ఊగి ఎదురీదింది! కండరం పని అస్సలు లేదు.

మేం సిలికాన్‌తో తోక పోశాం, మొదలు దగ్గర మందంగా, చివర పల్చగా. టబ్బులో తోక వెనక సిరంజితో ఫుడ్ కలర్ వదిలి ఫోన్లో స్లో మోషన్ తీస్తే, ఎడమకో సుడి కుడికో సుడి, ఆ రెండు వరసల మధ్యలోంచి రంగు సన్నటి ధారగా వెనక్కి పోతోంది, ఎంత బావుంటుందో. గట్టి ముక్కతో అదే రంగు పక్కలకి చెదిరిపోయేది. మీరూ ఈ టెస్టు తప్పకుండా చేయండి.

తర్వాత స్ట్రౌహల్ నంబర్ చూసుకోండి, తోక ఊపు వేగానికి ఎంత బాగా పనికొస్తోందో చెప్పే లెక్క ఇది: సెకనుకి ఎన్ని ఊపులో (అటూ ఇటూ కలిపి ఒక ఊపు), తోక చివర ఈ కొస నుంచి ఆ కొసకి ఎంత దూరం ఊగుతుందో, రెండూ గుణించి చేప వేగంతో భాగించాలి. చేపలకీ డాల్ఫిన్లకీ ఇది 0.2 నుంచి 0.4 మధ్యే ఉంటుంది. మీ తోక చివర 6 సెంటీమీటర్ల దూరం, సెకనుకి 2 సార్లు ఊగి, చేప సెకనుకి 10 సెంటీమీటర్లే పోతుంటే 1.2 వస్తుంది, అంటే శక్తి చాలావరకు వేస్టే.

తల ఊగడం ఇంకా మిగిలితే ట్యూనా చేపని గమనించండి, ముందు భాగం బరువుగా లోతుగా, తోక మొదలు మాత్రం బాగా సన్నగా ఉంటుంది. బ్యాటరీ ముందుకి, అడుగుకి జరపండి, తోక మొదలు సన్నం చేయండి.