పాఠం కోసం గీసే పటంలో భాగాల పేర్లు బొమ్మ మీదే రాయాలా, కింద జాబితాగా ఇవ్వాలా?

బొమ్మ మీదే, ఏ భాగం పేరు ఆ భాగం పక్కనే రాయండి. మన బుర్ర ఒకేసారి నాలుగైదు కొత్త విషయాలకు మించి పట్టుకోలేదు, బొమ్మలో 3 అని చూసి, కింద జాబితాలో 3 అంటే ఏంటో వెతికి, మళ్లీ పైకి వచ్చేసరికి ఆ కాస్త శక్తీ వెతుకులాటకే పోతుంది. బెంగళూరు మెట్రో మ్యాప్ చూడండి. పర్పుల్, గ్రీన్ లైన్లు కలిసే చోటే మెజెస్టిక్ అని స్టేషన్ పేరు ఉంటుంది కాబట్టి ఊరికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకు కూడా రైలు ఎక్కడ మారాలో ఇట్టే తెలుస్తుంది. అక్కడ నంబర్లు వేసి ఉంటే తిప్పలే!

రంగులు, కార్టూన్లు పెంచితే పిల్లలకు బాగా ఎక్కుతుందని చాలామంది అనుకుంటారు, అది అపోహ. పాఠంతో సంబంధం లేని బొమ్మ ఎంత ముద్దుగా ఉంటే దృష్టి అంతగా అటు పోతుంది.